అడ్వెంచర్ హెల్మెట్ ఊగుతోందా? పీక్ విప్పే ముందు ఒక్కసారి లేచి నిలబడండి

అడ్వెంచర్ హెల్మెట్ (హైవేకూ మట్టి రోడ్డుకూ పనికొచ్చేలా పైన పీక్, ముందు అద్దం ఉన్న బైక్ హెల్మెట్) కొన్న మొదటి నెలలో దాదాపు అందరూ చెప్పుకునే బాధలు నాలుగైదే. స్పీడు పెరిగితే తల ఊగుతోంది, మెడ పట్టేస్తోంది, గాలి హోరు భరించలేకపోతున్నాం, అద్దానికి ఆవిరి పడుతోంది, పీక్ గలగలమంటోంది. వెంటనే వచ్చే తీర్పు కూడా ఒకటే: ఈ హెల్మెట్ బాగోలేదు, అమ్మేస్తాను. నావీ తోటి రైడర్లవీ కలిపి ఇలాంటివి చాలా విప్పి బిగించాను, నిజంగా హెల్మెట్‌లోనే లోపం ఉన్నవి చాలా తక్కువ. కాబట్టి అమ్మకానికి పెట్టే ముందు ఇది చదవండి.

ఒక మాట ముందే అనుకుందాం. పీక్ అంటే పైన టోపీ అంచులా ముందుకు వచ్చే ముక్క. వైజర్ అంటే కళ్ల ముందుండే అద్దం. ఈ రెండింటినీ కలిపేసి అడిగితే జవాబు కూడా తప్పే వస్తుంది.

అన్నిటికంటే ముందు: సైజు

ఏ సమస్యకైనా ఇదే మొదటి చెక్, అందరూ వదిలేసేదీ ఇదే. స్ట్రాప్ బిగించి, గడ్డం దగ్గర చిన్ బార్ పట్టుకుని హెల్మెట్‌ను కుడికీ ఎడమకీ తిప్పండి. బుగ్గల చర్మం ప్యాడ్లతో పాటు కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే అది మీకు పెద్దది. తర్వాత వెనక కింది అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగండి. ఊడి వచ్చేలా ఉంటే ఇక ఊగడం గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించాలి, ఆ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరకండి.

షోరూంలో హాయిగా అనిపించిన హెల్మెట్ వాడుతున్న కొద్దీ వదులవుతుంది, ఎందుకంటే ప్యాడ్లలోని ఫోమ్ అణుగుతుంది. కొత్తలో బుగ్గలు కాస్త నొక్కుకుపోయి, మాట్లాడితే లోపలి చర్మం పళ్ల కింద పడేంత బిగుతుగా ఉండటమే సరైనది. నుదుటి మీద ఒకేచోట పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం అది బిగుతు కాదు, మీ తల ఆకారానికి ఆ షెల్ (హెల్మెట్ గట్టి డిప్ప) పడలేదు. అది వాడగా వాడగా సర్దుకోదు. పాత హెల్మెట్ వదులైందంటే చాలా మోడళ్లకు మందం ఎక్కువున్న చీక్ ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, ముందు అవి మార్చి చూడండి. కొత్తలో చెక్ చేశాం కదా అని ఊరుకోకండి, ఏడాదికోసారి మళ్లీ చూడాలి.

తల ఊగుతోంది, మెడ లాగుతోంది

ముందు ఎప్పుడు ఊగుతోందో గమనించండి. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఏదీ తేలదు.

పక్కకు తిరిగి చూసినప్పుడే గాలి తలను లాగేస్తోందంటే అది పీక్ పనే. అడ్డంగా తిరిగిన పీక్‌కు గాలి తగలకుండా ఎలా ఉంటుంది? దానికి మందు లేదు. పొడుగు ప్రయాణమంతా హైవేనే అయితే పీక్ తీసేసి, దానితో వచ్చిన సైడ్ కవర్లు బిగించుకుని వెళ్లండి.

హెల్మెట్ పైకి లేస్తూ స్ట్రాప్ గొంతుకు ఒత్తుకుంటోందంటే పీక్ కోణం ఎక్కువ పైకి పెట్టి ఉంటారు. కోణం మార్చుకునే వీలుంటే ఒక మెట్టు దించండి. చాలామందికి అంతటితో సరిపోతుంది.

ఇక మూడోది. తల నిటారుగా ఉంది, నేరుగా ముందుకే చూస్తున్నారు, అయినా హెల్మెట్ గబగబా చిన్నగా అదురుతోంది, ఎవరో రెండు చేతులతో పట్టుకుని కుదిపినట్టు. గంట తిరక్కుండానే కళ్లు లాగుతాయి, దిగేసరికి మెడ కింద రెండు భుజాల మధ్య నొప్పి. నన్ను రెండేళ్లు తిప్పలు పెట్టింది ఇదే.

మొదట పీక్ అనుకున్నాను. విప్పితే ఊగుడు సగం తగ్గింది, దాంతో పీకే దొంగ అని ఖాయం చేసుకున్నాను. సాయంత్రం ఎండ నేరుగా కళ్లలో కొడుతున్నా పీక్ లేకుండానే ఒక పెద్ద ట్రిప్ మొత్తం తిరిగాను. మిగిలిన ఆ సగం పోలేదు. హెల్మెట్ మార్చాను. ఖరీదైనది, బరువు తక్కువది. మళ్లీ అదే కథ. ఒకరోజు దారిలో స్నేహితుడూ నేనూ కాసేపు బండ్లు మార్చుకున్నాం. అతనిది ముందు విండ్‌స్క్రీన్ లేని బండి. అదే హెల్మెట్, అదే రోడ్డు, అదే స్పీడు, తల రాయిలా నిలబడింది. ఛాతీకి గాలి బాగా తగులుతోంది కానీ అదురు లేదు. బండి పక్కన ఆపి, నా బండి స్క్రీన్ నాలుగు బోల్టులూ విప్పి పెట్టెలో పడేసి మళ్లీ ఎక్కాను. అంతకుముందు ముందు వెళ్లే లారీ నంబర్ ప్లేటు మీద అక్షరాలు రెండేసిగా కనిపించేవి. ఇప్పుడు కుదురుగా, చదవగలిగేలా కనిపించాయి. ఇన్నాళ్లూ తప్పు హెల్మెట్‌ది కాదు, బండి స్క్రీన్‌ది.

జరిగేది ఇదీ. వాగులో రాయి వెనక నీళ్లు సుడి తిరగడం చూసే ఉంటారు. స్క్రీన్ పై అంచు దాటిన గాలి కూడా అంతే, దాని వెనక ఒత్తిడి తగ్గిన చోటికి లాక్కుపోయి సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లు ఛాతీకి తగిలితే తల కుదురుగా ఉంటుంది. తల పైనుంచి పోతే ఇంకా హాయి. గడ్డానికీ నుదుటికీ మధ్య తగిలాయంటే మాత్రం నరకమే. అడ్వెంచర్ బండి మీద నిటారుగా కూర్చుంటాం, చాలా బండ్లకు స్క్రీన్ ఓ మోస్తరు ఎత్తే ఉంటుంది, కాబట్టి సుళ్లు సరిగ్గా అక్కడికే వస్తాయి. గుండ్రటి మామూలు ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే కొంతవరకు తట్టుకుంటుంది. మనకేమో పొడుగాటి చిన్ బార్, పైన చేటలాంటి పీక్, ఆ సుళ్లు కింది నుంచి వచ్చి దాని అడుగున తోస్తాయి. పీక్ తీస్తే సగం తగ్గేది అందుకే, మనం మోసపోయేది కూడా అక్కడే.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. గాలి పెద్దగా లేని రోజు, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు, ముందు పెద్ద బండేదీ లేకుండా చూసుకోండి, ఎందుకంటే లారీ వెనక గాలి కూడా ఇలాగే సుళ్లు తిరుగుతుంది. ఏ స్పీడులో అదురు మొదలవుతుందో అదే స్పీడులో ఫుట్‌పెగ్‌ల మీద మెల్లగా లేవండి. పూర్తిగా నిలబడక్కర్లేదు, సీటు నుంచి జానెడు చాలు. గాలి జోరు పెరుగుతుంది కానీ అదురు ఆగిపోయిందా? తర్వాత కూర్చుని ట్యాంకు మీదికి వంగండి. అక్కడా ఆగిందా? అయితే దొంగ దొరికినట్టే, స్క్రీన్. లేచినా అదురుతూనే ఉంటే సైజు దగ్గరికీ పీక్ దగ్గరికీ వెనక్కి వెళ్లండి. ఇంత చిన్న పరీక్ష చేయకుండా హెల్మెట్ మీద హెల్మెట్ కొంటున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సరిచేయడానికి మూడు దారులున్నాయి. మొదటిది స్క్రీన్ దించడం లేదా పొట్టిది వేయడం. అప్పుడు సుళ్లు ఛాతీ దగ్గరే ఆగి తలకు శుభ్రమైన గాలి తగులుతుంది. నాకు పనిచేసింది ఇదే, ఎక్కువమందికి ముందు ఇదే చెబుతాను. రెండోది ఎత్తు పెంచడం, కానీ బెత్తెడు పెంచి ఆగిపోతే అదురు ఇంకా ఎక్కువయ్యే అవకాశమే ఎక్కువ, పెంచితే గాలి తల మీదుగా దాటిపోయేంత పెంచాలి. అలాగని స్క్రీన్ అంచు కంటి చూపుకు అడ్డం రాకూడదు. దాని గుండా చూస్తూ నడపాల్సి వస్తే రాత్రి వానలో దారి కనిపించదు. మూడోది చాలామందికి తట్టదు. స్క్రీన్‌కూ అది బిగించే మౌంట్‌కూ మధ్య స్పేసర్లు (ఎడం కోసం పెట్టే చిన్న ముక్కలు) వేసి 10 నుంచి 20 మిల్లీమీటర్ల సందు ఇవ్వడం. కింది నుంచి కొంత గాలి వెనక్కి వస్తే అక్కడి ఒత్తిడి తేడా తగ్గి సుళ్లు బలహీనపడతాయి. బోల్టులు పొడుగువి కావాలి, బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఏదైనా తగులుతోందేమో చూడాలి.

స్క్రీన్ కొనే ముందు అట్టముక్కతో ప్రయత్నించండి. గట్టి అట్టను పై అంచుకు టేపుతో బాగా అంటించి, అదురు మొదలయ్యే స్పీడు వరకే వెళ్లి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పీక్ కోణం, స్క్రీన్ ఎత్తు ఒకే రోజు మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకో విషయం. ఇదే స్క్రీన్ మావాడికి బ్రహ్మాండంగా ఉంది అనే మాట నమ్మి కొనకండి. అతని నడుం పొడవు వేరు, మీది వేరు. నాకు తెలిసిన ఒకతనికి ఏ ఇబ్బందీ లేదు, సీటు మీద గాలి దిండు వేసుకున్న రోజు నుంచి తల అదరడం మొదలైంది. అంగుళం పైకి లేచాడు, సుళ్లలోకి వెళ్లాడు, అంతే.

హోరు, ఈల

పీక్, పెద్ద వెంట్లు (గాలి లోపలికి వచ్చే రంధ్రాలు), వెడల్పాటి కళ్ల కిటికీ ఉన్న హెల్మెట్ నిశ్శబ్దంగా ఉండదు. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర చాలా హెల్మెట్ల లోపల శబ్దం 95 డెసిబెల్స్ దాటడం మామూలే. ఆ హోరులో రోజంతా ఉంటే చెవులు దెబ్బతింటాయి, పోయిన వినికిడి తిరిగి రాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ వాడండి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైకి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి పెట్టుకుని పనిచేయలేదంటే ఎలా?

హోరు వేరు, సన్నగా ఒకే శ్రుతిలో వచ్చే ఈల వేరు. ఈల ఎక్కడో ఒక సందు నుంచి వస్తుంది. వెంట్లు, పీక్ స్క్రూల చుట్టూ, వైజర్ పై అంచు, ఇంటర్‌కామ్ (రైడర్లు మాట్లాడుకునే పరికరం) క్లిప్ - ఒక్కోదాని మీద పెయింటర్లు వాడే కాగితపు టేపు వేసి ఒక్కో రౌండు తిరగండి. మూడో నాలుగో రౌండుకు దొరుకుతుంది. వైజర్ దగ్గరైతే అది పక్కన బిగుసుకునే బేస్‌ప్లేట్ స్క్రూలు కొంచెం వదులు చేసి, ప్లేటును వెనక్కి జరిపి, రబ్బరుకు వైజర్ ఆనేలా బిగించండి. వాన నీళ్లు పై అంచు నుంచి కారుతున్నా మందు ఇదే.

ఆవిరి

పిన్‌లాక్ (ఆవిరి పట్టకుండా వైజర్ లోపల బిగించే రెండో పొర) ఉండి కూడా ఆవిరి పడుతోందంటే ఎక్కడ పడుతోందో చూడండి. వైజర్‌కూ పిన్‌లాక్‌కూ మధ్య పడితే చుట్టూ ఉన్న సిలికోన్ అంచు ఎక్కడో ఆనడం లేదు. వైజర్‌కు ఉన్న రెండు పిన్నులూ చాలా మోడళ్లలో కాస్త వంకర ఇరుసు మీద ఉంటాయి, రెండింటినీ సమానంగా కొంచెం తిప్పితే లోపలి పొర బిగుస్తుంది. అంచు చుట్టూ తెగని గీతలా కనిపించాలి. పిన్‌లాక్ లోపలి వైపు, అంటే మీ ముఖం వైపు పడుతోందంటే గంటల తరబడి తేమ పీల్చి నిండిపోయింది, విప్పి నీడన ఆరబెట్టండి. స్పిరిట్, అద్దాలు తుడిచే ద్రవాలు వద్దు, పొడి గుడ్డతో రుద్దడం అసలే వద్దు, గీతలు పడతాయి. బ్రెత్ గార్డ్ (ఊపిరి వైజర్ మీదికి పోకుండా ముక్కు దగ్గర పెట్టే ముక్క) ఇంట్లో డబ్బాలోనే ఉండిపోయిందేమో కూడా చూడండి, చాలామందిది అక్కడే ఉంటుంది.

పీక్ గలగల

స్క్రూలు వదులయ్యాయి. మట్టి రోడ్డు దిగిన ప్రతిసారీ వేళ్లతోనో నాణెంతోనో బిగించుకోవాలి. వదులవుతున్నాయి కదా అని థ్రెడ్‌లాక్ (స్క్రూలు కదలకుండా వేసే జిగురు) వేయకండి, చాలా రకాల థ్రెడ్‌లాక్ ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా పాలీకార్బొనేట్‌ను పగలగొడుతుంది. ప్లాస్టిక్ స్క్రూల బదులు ఇనుపవి వేసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. కింద పడినప్పుడు పీక్ నేలకు తగిలి తలను మెలిపెట్టకుండా ఊడిపోవాలి, ఆ స్క్రూలు బలహీనంగా ఉండేది అందుకే. విరిగితే కంపెనీ స్క్రూలే తెప్పించి, రెండు అదనంగా సంచిలో వేసుకోండి.

మిగతావి

వైజర్ ఎత్తితే పీక్‌కు రాసుకుంటోందంటే పీక్ ఒక మెట్టు తక్కువగా బిగించారు. వైజర్ తిరగడం గట్టిగా ఉంటే దుమ్ము చేరినట్టే, గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బుతో కడిగి ఒక చుక్క సిలికోన్ నూనె వేయండి, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. గాగుల్స్ ముక్కును నొక్కుతుంటే ఫ్రేము ఆ కిటికీలో పట్టడం లేదు, చిన్న ఫ్రేము తీసుకోండి. ఇంటర్‌కామ్ పెట్టాకే చెవి నొప్పి మొదలైతే స్పీకరు చెవి గుంటలోకి పూర్తిగా దిగలేదు. షెల్ పగులు, లోపలి థర్మోకోల్ పొర విడిపోవడం లాంటివి చాలా అరుదు, ఒక్కసారి గట్టిగా పడిన హెల్మెట్ అయితే మాత్రం పైకి బాగున్నట్టే కనిపించినా రిపేరు మాట ఎత్తకుండా మార్చేయండి.