గూడ్స్ వ్యాగన్ మోడల్‌కి వెదరింగ్: సమస్య - పరిష్కారం

వెదరింగ్ అంటే కొత్త మోడల్‌ని ఎండావానల్లో తిరిగిన బండిలా దుమ్ముతో, తుప్పుతో కనిపించేలా చేయడం. రంగు ముట్టుకునే ముందు అసలు బండి ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. హెచ్‌ఓ స్కేల్ (1:87) బాక్స్‌ఎన్ (పైకప్పు లేని గూడ్స్) వ్యాగనే తీసుకుంటే, బొగ్గు మోసేదాని మురికి వేరు, బైలడిల్లా నుంచి విశాఖకు ఇనుప ఖనిజం తెచ్చేదాని ఎర్ర ధూళి వేరు. పైనుంచి నింపి, టిప్లర్‌లో (వ్యాగన్‌ని తిప్పి సరుకు ఒలికించే యంత్రంలో) బోర్లిస్తారు కాబట్టి పై అంచులకూ దుమ్ము ఉండాలి.

వాష్ (బాగా పలచన చేసిన రంగు) చుక్కలు చుక్కలుగా విడిపోతోంది
ఫ్యాక్టరీ పెయింట్ నున్నగా ఉంటుంది, పైగా చేతి జిడ్డు. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో కడిగి, బాగా ఆరాక పలచగా మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టండి. ఆ గరుకు మీదే వాష్ అయినా పౌడర్ (మెత్తటి పొడి రంగు) అయినా నిలుస్తుంది, ఈ మెట్టు మాత్రం వదలొద్దు.

పౌడర్‌తో దుమ్ము బ్రహ్మాండంగా వచ్చింది, వార్నిష్ కొట్టగానే మాయం
ఎంత బాధగా ఉంటుందో! పౌడర్ రేణువుల మధ్య ఉన్న గాలి ఖాళీల్లోకి వార్నిష్ దిగి వెలుగు చెదరడం తగ్గిపోతుంది, దాంతో లేత రంగులు ముందు పోతాయి. అందుకే కావలసినదానికన్నా కాస్త ఎక్కువే వేసి, దూరం నుంచి పలచటి కోట్లు కొడుతూ, ప్రతి కోటూ ఆరనిచ్చి, ఆఖరి పొర పౌడర్‌ని సీల్ చేయకుండా, అంటే పైన వార్నిష్ కొట్టకుండా వదిలేయండి. అద్దాల బీరువాలో ఉండే వ్యాగన్‌కి అసలు సీలే అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

వార్నిష్ మీద తెల్లటి మసక
గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే చేసుంటారు, లేదా ల్యాకర్ రకం మ్యాట్ వార్నిష్ కోటు మీద ఆల్కహాల్‌తో కలిపిన వాష్ వేసుంటారు. పొడి రోజు చూసి అదే వార్నిష్ ఇంకో పలచటి కోటు ఇవ్వండి, చాలావరకు పోతుంది.

తుప్పంతా ఒకే నారింజ రంగు
పాత తుప్పు ముదురు గోధుమ, కొత్తదే నారింజ. మచ్చ మధ్యలో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) పెట్టి, అంచుల్లో, కిందికి జారే చారలో మాత్రమే బర్న్ట్ సియెన్నా (ఎరుపు కలిసిన గోధుమ) వాడండి. ఆయిల్ పెయింట్ చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డతో తుడిచిన ఫ్లాట్ బ్రష్‌తో పైనుంచి కిందికే లాగాలి. వాన నీళ్లు అడ్డంగా పారవు కదా.

వ్యాగన్ దొర్లట్లేదు, కప్లర్ (వ్యాగన్లని కలిపే కొక్కెం) ఇరుక్కుంటోంది
ఇరుసు మొనల్లో, కప్లర్‌లో పౌడర్, వార్నిష్ చేరాయి. చక్రాలు విప్పి, ఇరుసు మొనలు, పట్టాల మీద నడిచే భాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కప్లర్‌కి నూనె వద్దు, కొంచెం గ్రాఫైట్ పొడి చాలు. ఈసారి నుంచి చక్రాలు తీసేశాకే స్ప్రే పట్టండి.