పెద్దవాళ్ల దగ్గర డ్యూటీ: షుగర్, బీపీ, పక్షవాతం ఉన్నవాళ్లని చూసుకోవడం ఎలా

బ్రాడీపేటలోనో పటమటలోనో ఒక ఫ్లాట్, పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఎనభై దగ్గరపడ్డ మామ్మగారో తాతగారో, పక్కన మీరు. గుంటూరు, విజయవాడల్లో కేర్ టేకర్ పని అంటే ఎక్కువగా ఇదే. డాక్టర్ పని మీరు చెయ్యక్కర్లేదు, చెయ్యకూడదు కూడా. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకుని, ఆలస్యం చెయ్యకుండా చెప్పాల్సినవాళ్లకి చెప్పడమే మీ పని. నిన్న మూడు ఇడ్లీలు తిన్న మనిషి ఇవాళ ఒకటి కూడా ముట్టలేదంటే అది చెప్పాల్సిన విషయమే, ఆ రోజు షుగర్ ఇంజెక్షన్ వేసి ఉంటే మరీను.

అందుకే ముందు షుగర్ సంగతి. షుగర్ పెరగడం గురించి అందరికీ టెన్షనే గానీ, మీ డ్యూటీలో గంటలో ప్రాణం మీదికి తెచ్చేది పడిపోవడం. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ లేటవ్వడం, శనివారం ఒక్కపొద్దులు, దసరా రోజుల్లో అమ్మవారి దర్శనం అయ్యేదాకా ఏమీ తినననడం, ఇలాంటప్పుడే వస్తుంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, ఉన్నట్టుండి చిరాకు, మాట పొంతన లేకపోవడం. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లలో గుండె దడ, వణుకు పైకి తెలియవు, చెమట మాత్రం పడుతుంది, కాబట్టి ఫ్యాన్ కింద కూర్చుని చెమటలు కక్కుతుంటే వెంటనే గ్లూకోమీటర్ తియ్యండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. లడ్డూ, చాక్లెట్ వద్దు, వాటిలో నెయ్యీ కొవ్వూ ఉండటంతో తీపి ఒంటికి నెమ్మదిగా పడుతుంది. పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి, పెరిగాక ఇడ్లీయో పెరుగన్నమో కడుపులో పడాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. సర్దుకున్నాక కూడా ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండాలి, కొన్ని మాత్రల వల్ల అది మళ్లీ పడిపోతుంది. తర్వాతి డోసు ఎంతో మీరు తేల్చకండి, డాక్టర్‌నే అడగండి.

ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి గదిలో బయటపెడితే అది పాడైపోతుంది. గంటలకొద్దీ కరెంటు పోయే చోట మట్టికుండ తడి ఇసుకలో పెట్టి దాన్లో ఉంచుతారు, ఆ పద్ధతి మంచిదే.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలు రోజూ స్నానం తర్వాత చూడండి, వేళ్ల సందులతో సహా. స్పర్శ తగ్గిపోతుంది కాబట్టి ముల్లు దిగినా చెప్పరు. వేడినీళ్ల కాపడం అస్సలు వద్దు, చర్మం కాలినా తెలియదు.

బీపీ చూడటం తేలికనుకుంటారు గానీ సగం ఇళ్లలో తప్పుగానే చూస్తారు. కాఫీ తాగగానే, బాత్రూం నుంచి రాగానే చూడకండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించండి. మాట్లాడనివ్వకండి, ఇదే అన్నిటికన్నా కష్టం, పట్టీ బిగుసుకునే టైముకే మామ్మగారికి కోడలి సంగతులు గుర్తొస్తాయి. పైది 180 గానీ కిందది 120 గానీ దాటితే కాసేపాగి మళ్లీ చూసి, అలాగే ఉంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. గుండెనొప్పో ఆయాసమో చూపు మసకో తోడైతే మాత్రం ఆగకుండా 108. ఎక్కువుంది కదా అని ఇంకో మాత్ర వెయ్యకండి. ఆవకాయ, గోంగూర పచ్చడి మానిపించడం గుంటూరులో ఎవరి తరమూ కాదు, ముద్దకి కాకుండా వేలికి రాసుకునేంతకి తగ్గించగలిగితే అదే గొప్ప.

పక్షవాతం వచ్చే క్షణంలో మీరే దగ్గర ఉండొచ్చు. నవ్వమంటే నోరు ఒక పక్కకి వంకరపోతుంది, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినా టైం రాసుకోండి, బాగున్నట్టు ఆఖరిసారి చూసింది ఎన్నింటికి అన్నది ఆస్పత్రిలో మొట్టమొదట అడిగే ప్రశ్న. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ స్కాన్ చూశాకే. అందుకని సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రి ఏదో డ్యూటీలో చేరిన రోజే అడిగి రాసిపెట్టుకోండి. నీళ్లు తాగించడం, పావురం రక్తం పూయడం, ఆస్ప్రిన్ వెయ్యడం, ఏదీ వద్దు.

పక్షవాతం వచ్చి మంచాన ఉన్నవాళ్లకి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఆ చెయ్యి పట్టుకుని లేపకండి, భుజం కీలు జారుతుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి వంచి, చిన్న చెంచాతో పెట్టండి. బలం లేని బుగ్గలో ముద్ద దాక్కుంటుంది, తిన్నాక వేలికి గుడ్డ చుట్టి చూడండి. నీళ్లకీ మజ్జిగకీ పొరమారుతుంటే డాక్టర్‌తో చెప్పి చిక్కటివే ఇవ్వండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

మంచానికే పరిమితమైనవాళ్లకి పుండ్లు పడకుండా చూడటంలోనే అటెండెంట్ పనితనం తెలిసిపోతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. స్నానం చేయించేటప్పుడు నడుము కింద ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కన వేలితో నొక్కి చూడండి. నొక్కితే తెల్లబడి మళ్లీ రంగొస్తే పర్వాలేదు, ఎర్రగానే ఉండిపోతే అది పుండుకి మొదలు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి అక్కడ వేడిగా ఉందా, గట్టిగా ఉందా, చుట్టుపక్కలకంటే నల్లబడిందా అని చేత్తో తడిమి చూడాలి. అలా ఉన్న చోట నూనె పెట్టి మర్దన చేస్తారు చాలామంది, అది చెయ్యకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. బరువు పడకుండా తిప్పి, ఆ రోజే నర్సుకి చెప్పండి. పక్కకి జరిపేటప్పుడు లాగకుండా దుప్పటితో ఇద్దరు ఎత్తాలి, అది మీ నడుముకీ మంచిది.

యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం ఆనకూడదు.

మతిమరుపు ఉన్నవాళ్లు 'మా అమ్మ ఏదీ' అని అడిగితే పోయిందని రోజూ చెప్పి ఏడిపించకండి, వాళ్లమ్మ గురించి ఒక మాట అడగండి, అటు మళ్లుతారు. కానీ నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడితే వయసు మీదకి తోసెయ్యకండి. యూరిన్ ఇన్ఫెక్షనో, ఒంట్లో ఉప్పు (సోడియం) పడిపోవడమో, ఎండదెబ్బో కావచ్చు, వెంటనే చూపించాలి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఓఆర్ఎస్ కూడా డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు.

తలుపు వేసి, పైన తువ్వాలు కప్పి, 'తాతగారూ, ఇప్పుడు డైపర్ మారుస్తున్నానండీ' అని చెప్పి మొదలుపెట్టండి, మాట రాని మనిషికైనా సరే. ఆడవాళ్లకి ముందు నుంచి వెనక్కి తుడవాలి. గ్లౌజులు తీశాక కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని షుగర్, బీపీ, ఎంత తిన్నారు, యూరిన్, మోషన్, ఎన్నింటికి ఏ పక్కకి తిప్పారు, అన్నీ టైంతో సహా రాయండి. రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకి అది చదివి వినిపించి, ఇద్దరూ కలిసి ఒకసారి పేషెంట్ వీపు చూసి, అప్పుడు చెప్పులు వేసుకోండి.