రియాక్ట్-బూట్‌స్ట్రాప్ పాఠాలు – 6: ఫొటో, దాని కింద క్యాప్షన్

రియాక్ట్-బూట్‌స్ట్రాప్ అంటే బూట్‌స్ట్రాప్ అనే స్టైళ్ల సరంజామాను రియాక్ట్‌లో వాడుకునేలా సిద్ధం చేసిన కాంపొనెంట్ల (పేజీ భాగాల) సంచి. పోయిన పాఠంలో దానిలోని కంటైనర్, రో (అడ్డు వరుస), కాల్ (నిలువు అర)లతో పేజీని అరలుగా విడదీశాం. ఇప్పుడు ఆ అరల్లో ఫొటోలు పెడదాం. మన పేజీ ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి గురించి అనుకోండి.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా ఒక డివ్ (ప్రత్యేక అర్థమేదీ లేని పెట్టె ట్యాగు) రాసి, అందులో ఫొటో పెట్టి, కింద పేరాలో వివరం రాస్తారు. కంటికి బాగానే కనిపిస్తుంది. అయితే ఆ పేరా ఆ ఫొటోకు సంబంధించినదని బ్రౌజర్‌కు తెలిసే దారి లేదు. హెచ్‌టీఎంఎల్ 5లో ఫిగర్, ఫిగ్‌క్యాప్షన్ ట్యాగులు ఉన్నది ఇందుకే. రియాక్ట్-బూట్‌స్ట్రాప్‌లోని ఫిగర్ కాంపొనెంట్ చివరికి ఆ ట్యాగులనే పేజీలో పెడుతుంది.

ముందుగా ఫిగర్‌ను ఇంపోర్ట్ చేసుకోండి. దాని లోపల మొదట ఫిగర్.ఇమేజ్, తర్వాత ఫిగర్.క్యాప్షన్ రాయండి. ఈ రెండింటినీ విడిగా ఇంపోర్ట్ చేయనక్కర్లేదు, ఫిగర్‌తోనే వస్తాయి. ఫిగర్.ఇమేజ్‌కు ఫ్లూయిడ్ గుణం మనం అడగకుండానే ఉంటుంది కాబట్టి ఎంత పెద్ద ఫొటో అయినా ఫోను తెర దాటి బయటికి పోదు. అయినా విడ్త్, హైట్ ఇవ్వండి. ఫొటో దిగేలోపే బ్రౌజర్ దానికి చోటు ఉంచుతుంది. లేకపోతే చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది.

ఇక ఆల్ట్, అంటే ఫొటో చూడలేనివారి కోసం దాని బదులు ఇచ్చే వివరం. క్యాప్షన్‌లో ఉన్నదే కాపీ చేసి ఆల్ట్‌లో పెట్టడం శుద్ధ బద్ధకం. స్క్రీన్ రీడర్‌తో (తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) వినేవారికి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఫొటోలో కనిపించేది ఆల్ట్‌లో రాయాలి: «నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తయిన అరుగు మీద ఎర్రరాతి గుడి». ఫొటో చూసినా తెలియనిది క్యాప్షన్‌లో రాయాలి: «కాకతీయుల కాలపు రామప్ప గుడి. శాసనంలోని సంవత్సరం 1213. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 2021లో».

ఈ క్యాప్షన్‌ను 300 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో కింద పెట్టి కంప్యూటర్‌లో చూడండి. అక్షరాలు ఫొటో అంచు దాటి కుడివైపు సాగిపోతాయి. కారణం ఏమిటంటే, బూట్‌స్ట్రాప్ ఫిగర్‌కు ఇన్‌లైన్-బ్లాక్ అనే తీరు ఇచ్చింది. అంటే లోపల ఏది ఎక్కువ వెడల్పుగా ఉంటే పెట్టె అంత సాగుతుంది. ఇక్కడ ఫొటో కంటే వాక్యమే పొడవు. ఫిగర్‌కే స్టైల్ ద్వారా మ్యాక్స్‌విడ్త్ 300 అని ఇవ్వండి, క్యాప్షన్ బుద్ధిగా రెండో వరుసలోకి దిగుతుంది. హద్దు పెట్టవలసింది ఫొటోకు కాదు, ఫిగర్‌కు.

తెలుగుకు ఇంకొకటి కావాలి. బూట్‌స్ట్రాప్ క్యాప్షన్ అక్షరాలను మామూలు పరిమాణంలో 0.875 వంతుకు తగ్గించి, రంగు కూడా బూడిదకు మారుస్తుంది. ఇంగ్లిషుకు అది సరిపోతుందేమో కానీ, «శాస్త్రీయ» వంటి మాటలో వత్తులు ఆ పరిమాణంలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేనైతే పరిమాణం 1 రెమ్‌కు (పేజీ మూల అక్షర పరిమాణానికి) పెంచి, లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.7 పెడతాను. క్యాప్షన్‌కు భాషను తెలిపే లాంగ్ గుణంగా టీఈ (te, తెలుగు గుర్తు) అని కూడా చేర్చండి. స్క్రీన్ రీడర్‌లో తెలుగు గొంతు ఉంటే దానికి మారడానికి ఈ గుర్తే ఆధారం.

అభ్యాసం: ఒకే రోలో మూడు కాల్‌లు పెట్టి, ఒక్కోదానిలో ఒక ఫిగర్ ఉంచండి. ఒక క్యాప్షన్ ఒక్క మాటగా, ఇంకొకటి నాలుగు వాక్యాలుగా రాయండి. ఫోను వెడల్పులోనూ చూడండి. వచ్చే పాఠంలో ఇవే ఫొటోలను ఒక జాబితాలో దాచి, జావాస్క్రిప్ట్‌లోని మ్యాప్ ఫంక్షన్‌తో ఫిగర్లుగా మార్చుదాం.