గ్రీజు లీకు ఆగడం లేదా? సీలు మార్చే ముందు కాలర్ చూడండి

బండి మీద గ్రీజు మరక కనపడగానే సీలు (గ్రీజు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) పోయిందని తేల్చేసి కొత్తది కొనేవాళ్లే ఎక్కువ. ఆ మరక ఎక్కడ మొదలైందో చూసేవాళ్లు తక్కువ. మోటార్‌సైకిల్ చక్రాలు చాలాకాలంగా విప్పి బిగిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, లీకు వెతకడానికి ముందుగా కావలసింది శుభ్రమైన గుడ్డ. పానా సంగతి తర్వాత.

ముందు కడగండి

పాత జిడ్డు మీద కొత్త లీకు కనపడదు. బ్రష్షుతో, కిరోసిన్‌తో ఆ భాగమంతా కడిగి పొడిగా తుడవండి. బ్రేకు డిస్కు, ప్యాడ్లు, టైరు మీద కిరోసిన్ పడకుండా ముందే గుడ్డ కప్పండి. అనుమానం ఉన్నచోట టాల్కం పౌడరు పలచగా చల్లి, పావుగంట నడిపి వచ్చి చూడండి. తడి తగిలిన చోట పౌడరు రంగు మారిపోతుంది.

మరక ఉన్నచోటే లీకు ఉండాలని లేదు. గాలి జిడ్డును వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది, తిరిగే చక్రం బయటికి విసురుతుంది. అందుకే మరకకు ముందువైపూ పైవైపూ వెతకాలి. చక్రం మీదైతే నడిమి వైపు వెతకాలి.

కారుతున్నది ఏమిటో కూడా తేల్చుకోండి. కొద్దిగా తీసి తెల్ల కాగితం మీద పెడితే ఇంజన్ ఆయిల్ త్వరగా పాకిపోతుంది. గ్రీజు ముద్ద అక్కడే ఉండి, చుట్టూ సన్నని నూనె వలయం ఏర్పడుతుంది. ముద్ద లేకుండా పలచగా జారుతూ, నీళ్లలో వేస్తే కలిసిపోతుంటే అది డాట్ 3 లేదా డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ కావచ్చు. అప్పుడు ఇవన్నీ పక్కన పెట్టండి. బ్రేకు బాగయ్యేదాకా ఆ బండి తీయవద్దు.

వెనక రిమ్ము మీద నల్లటి చుక్కలు

ఇది చైను నుంచి వచ్చినది. దాదాపు ప్రతిసారీ ఇంతే. చైనుకు స్ప్రే అతిగా కొట్టి, వెంటనే బండి తీస్తే అదంతా రిమ్ము మీదికీ నంబరు ప్లేటు మీదికీ ఎగురుతుంది. లింకుల మధ్య రబ్బరు వలయాలు (ఓ-రింగులు) ఉన్న చైనులో పిన్నులకు కావలసిన గ్రీజు తయారీలోనే లోపల పెట్టి మూసేస్తారు. మీరు పైన ఎంత పోసినా అది లోపలికి వెళ్లదు. చైను లోపలి వైపున పలచగా కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. చైనును పెట్రోలుతో మాత్రం కడగవద్దు, ఓ-రింగులు పాడవుతాయి.

ముందు స్ప్రాకెట్ మూత కింద జిడ్డు

ఇంజన్ లీకు అనుకొని జనం భయపడే చోటు ఇది. ఇంజన్ పక్కన చైనును తిప్పే పళ్ల చక్రమే ముందు స్ప్రాకెట్. దాని మూత విప్పి చూడండి. చైను విసిరిన జిడ్డు, మట్టి కలిసి లోపల గట్టిగా పేరుకొని ఉంటుంది. ఇంజన్ వేడికి అది మెత్తబడి కిందికి కారుతుంది. గీకి, కడిగి, మూత బిగిస్తే సమస్య తీరిపోతుంది. శుభ్రం చేశాక కూడా పలచటి ఆయిల్ వస్తుంటే అప్పుడు స్ప్రాకెట్ తొడిగిన షాఫ్టు సీలును అనుమానించండి. సీలు మారుస్తూ, షాఫ్టుకూ దాని మీద తొడిగిన ఇనుప గొట్టం కాలర్‌కూ మధ్య ఓ-రింగు ఉంటే దాన్నీ మార్చండి. దాన్ని వదిలేస్తే సీలు ఎంత కొత్తదైనా ఆయిల్ కాలర్ లోపలి నుంచి దారి చేసుకుంటుంది.

హబ్ నుంచి రిమ్ము వైపు సాగిన చారలు

నన్ను ఎక్కువగా వేధించిన లీకు ఇదే. చక్రం నడిమి భాగమైన హబ్ నుంచి బయటికి సన్నటి గోధుమరంగు చారలు సాగుతాయి. సీలు మారిస్తే ఆగుతుంది. కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది. మళ్లీ సీలు, మళ్లీ లీకు. నాసిరకం సీలు వచ్చిందని దుకాణదారును తప్పుపడతారు, కంపెనీ మారుస్తారు. తప్పు సీలులో ఉండదు, సీలు ఆనుకొని ఉండే కాలర్‌లో ఉంటుంది.

యాక్సిల్ (చక్రం ఇరుసు) మీద, బేరింగుకు బయటివైపు ఉండే చిన్న ఇనుప గొట్టమే కాలర్. కొందరు స్పేసర్ అంటారు. యాక్సిల్ నట్టు బిగించాక అది కదలదు. హబ్‌లో కూర్చున్న సీలు చక్రంతోపాటు తిరుగుతూ, తన రబ్బరు పెదవితో కాలర్‌ను ఒరుసుకుంటూ ఉంటుంది. రబ్బరు ఇనుమును అరగదీయలేదని అనుకుంటాం. కానీ దుమ్ములోని ఇసుక రేణువులు ఆ మెత్తటి పెదవిలో గుచ్చుకొని ఉండిపోతాయి. అక్కడి నుంచి అది రబ్బరులా పనిచేయదు, గరుకు కాగితంలా పనిచేస్తుంది. తిరిగిన ప్రతి చుట్టుకూ ఇనుము కొద్దికొద్దిగా తరిగి, చివరికి సన్నటి గాడి పడుతుంది. కొత్త సీలు వేసినా దాని పెదవి ఆ గాడిలోనే పడుతుంది. అక్కడ వ్యాసం తగ్గిపోయింది కాబట్టి పట్టు చాలదు. వేడికి మెత్తబడిన గ్రీజు ఆ సందులోంచి బయటికి వస్తుంది, అదే సందులోంచి నీరు లోపలికి పోతుంది.

ఇంత మామూలు కారణం ఎందుకు తప్పిపోతుందంటే, చక్రం దించగానే కాలర్ దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. దాన్ని నట్టు పక్కన పెట్టేస్తారు. చుట్టూ గ్రీజు పూసి ఉంటుంది కాబట్టి గాడి కనపడదు. పని అయ్యాక అలాగే తీసి తొడిగేస్తారు.

అందుకే కాలర్‌ను పూర్తిగా తుడవండి. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకొని తిప్పుతూ చూడండి. సీలు ఆనిన చోట మెరిసే గీత కనిపిస్తుంది. దాని మీద గోరును అడ్డంగా, ఒక చివర నుంచి మరో చివరకు జరపండి. గోరు ఆగకుండా జారిపోతే ఆ కాలర్‌కు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. గోరు చిక్కుకుంటే అది పనికిరాదు. తుప్పు తిని గుంటలు పడినా పనికిరాదు, ఆ గుంటల అంచులు కొత్త సీలు పెదవిని కోసేస్తాయి.

పరిష్కారం ఒక్కటే: కొత్త కాలర్, కొత్త సీలు, రెండూ కలిపి. ఎమెరీ కాగితంతో రుద్దితే పైపై తుప్పు పోతుంది కానీ గాడి పోదు. పైగా ఏటవాలుగా పడిన గీతలు మర చుట్లలాగా గ్రీజును బయటికి నడిపిస్తాయి. రెండు చివరలూ ఒకేలా ఉన్న కాలర్ అయితే, తిప్పి వేసినప్పుడు సీలు పెదవి గాడి లేని చోట ఆనుతుందేమో చూడవచ్చు. అది కొత్తది దొరికేదాకా మాత్రమే. సీలును ఇంకాస్త లోపలికి కొట్టి గాడిని తప్పించడం కొందరికి అలవాటు. అలా చేస్తే సీలు వెళ్లి బేరింగుకు రాసుకునే ప్రమాదం ఉంది.

పాత సీలు తీసే ముందు దాని పెదవి ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. కొత్తది అదే దిక్కుగా, సీలు బయటి అంచు మీద ఆనే సాకెట్ పానా పెట్టి, చుట్టూ సమానంగా తడుతూ కూర్చోబెట్టండి. పెదవికి గ్రీజు రాసి, కాలర్‌ను తిప్పుతూ తొడగండి. పొడి పెదవి మొదటి ప్రయాణంలోనే కాలి చిరుగుతుంది.

ఇంకో మాట. చక్రం దించే ముందే దాన్ని రెండు చేతులతో పట్టుకొని పక్కలకు ఊపి చూడాలి. దించాక బేరింగు లోపలి రింగును వేలితో తిప్పాలి. ఊగుడు ఉన్నా, గరగర తగిలినా బేరింగు మార్చండి. వదులు బేరింగు మీద చక్రం ఊగుతుంటే సీలు పెదవి ప్రతి చుట్టుకూ తెరుచుకుంటుంది. అప్పుడు కొత్త కాలర్ కూడా లీకును ఆపలేదు.

గ్రీజు అతిగా కూరితే

హబ్ నిండా గ్రీజు కూరడం మేలు అనుకుంటారు. 2ఆర్‌ఎస్ అని రాసి ఉన్న బేరింగుకు రెండు వైపులా రబ్బరు మూతలు ఉంటాయి, గ్రీజు లోపలే ఉంటుంది. మీరు హబ్‌లో కూరింది బేరింగులోకి పోదు, బ్రేకు వేడికి పలచబడి సీలును తోసుకుంటూ బయటికి వస్తుంది. మూత లేని బేరింగు అయితే గుండ్ల మధ్య బాగా ఎక్కించి, పక్కన ఖాళీలో మూడో వంతుకు మించకుండా పెట్టండి. పాత గ్రీజు రకం తెలియకపోతే పూర్తిగా కడిగేశాకే కొత్తది పెట్టండి. లిథియం గ్రీజుకు పాలీయూరియా గ్రీజు లాంటిది కలిస్తే రెండూ పొసగక పలచబడి కారిపోవచ్చు.

డ్రమ్ము బ్రేకు ఉన్న చక్రంలో బ్రేకు షూలను తెరిచే లోపలి కామ్‌కు పలచటి పూత చాలు. ఎక్కువైతే అది షూల మీదికి చేరుతుంది. గ్రీజు పీల్చుకున్న షూలనూ ప్యాడ్లనూ రుద్ది, కాల్చి వాడాలని చూడవద్దు. అవి కొత్తవి వేయాల్సిందే. డిస్కును మాత్రం బ్రేకు క్లీనర్‌తో తుడిచి వాడుకోవచ్చు.

పాలలా తెల్లబారిన గ్రీజు

నీరు చేరింది. ఎక్కువగా ప్రెషర్ వాషర్‌ను హబ్‌కు దగ్గరగా పెట్టి కొట్టడం వల్ల వస్తుంది. ఆ గ్రీజు బేరింగును ఇక కాపాడదు. తీసి, కడిగి, ఆరబెట్టి, బేరింగు బాగుంటే కొత్త గ్రీజు పెట్టండి. మూత ఉన్న బేరింగు గరగరమంటే మార్చేయండి. ఇక మీదట ఆ నీటి ధారను సీళ్ల వైపు తిప్పవద్దు.

మిగతావి

హ్యాండిల్ కింది బేరింగు దగ్గర ఎండలో నిలిపాక కొద్దిగా గ్రీజు జారితే తుడిచేయండి, కంగారు అక్కర్లేదు. తుప్పు రంగులో వస్తే విప్పి చూడాలి. ఫోర్కు గొట్టం మీద వలయంలా ఆయిల్ పడితే అది ఫోర్కు సీలు పని, గ్రీజుతో సంబంధం లేదు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కు ఉన్న గ్రీజు నిపుల్‌కు గ్రీజు కొట్టిన తర్వాత అంచున కాస్త బయటికి రావడం సహజం. చైనుకు బదులు షాఫ్టుతో నడిచే (షాఫ్టు డ్రైవు) బండ్లలో గాలి రంధ్రం మూసుకుపోయి సీలు తోసుకురావడం, హబ్ పగలడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.

చక్రం ఎక్కించాక యాక్సిల్ నట్టును బండి పుస్తకంలో చెప్పిన బిగువుకే బిగించి, బ్రేకు నాలుగైదుసార్లు నొక్కి పట్టు వచ్చిందో లేదో చూసి, మళ్లీ పౌడరు చల్లి పావుగంట నడపండి. ఆ తర్వాత టైరు మార్చడానికి చక్రం దించిన ప్రతిసారీ కాలర్ తుడిచి గోరు పెట్టి చూడండి.