బెంగళూరులో వరల్డ్ సిరీస్ ఏడో ఆట చూడడం ఎలా

వరల్డ్ సిరీస్ అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్; ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే టైటిల్ కనుక ఏడో ఆటే ఆఖరిది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలకు మొదలయ్యే ఆట మారతహళ్ళిలో మనకు మర్నాడు తెల్లవారి 5:30కు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరిగాక అదే 6:30 అవుతుంది. ముందురోజు రాత్రే మీ జట్టు పిచర్లలో (బంతి విసిరేవాళ్ళలో) ఎవరు ఎన్నాళ్ళ కిందట ఎన్ని బంతులు వేశారో కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే మామూలుగా నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకునే ప్రధాన పిచర్ కూడా ఆనాడు ఆట మధ్యలో బంతి అందుకోవచ్చు; గెలుపు మీద నా ఆశంతా ఆ కాగితాన్ని బట్టే ఉంటుంది. మూడు పరుగులు వెనకబడినా టీవీ కట్టేయవద్దు. 2016 ఏడో ఆటలో క్లీవ్‌లాండ్ జట్టు తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఎనిమిదో దానిలో, అదీ ఇద్దరు అవుటయ్యాక (ముగ్గురు అవుటైతే ఆ ఇన్నింగ్స్‌లో వాళ్ళ బ్యాటింగ్ ముగుస్తుంది), మూడు పరుగులు చేసి 6–6తో సమం చేసింది. వాన వల్ల 17 నిమిషాలు ఆగిన ఆ ఆటను చికాగో కబ్స్ జట్టు అదనపు పదో ఇన్నింగ్స్‌లో 8–7తో గెలిచి, 108 ఏళ్ళ తరువాత టైటిల్ అందుకుంది. కనుక ఆఫీసు క్యాబ్‌ను కాస్త ఆలస్యంగానే బుక్ చేసుకోండి.