క్యూలో కళ్లు తిరిగితే నిలబడకండి

ఏప్రిల్, మే నెలల్లో దర్శనం క్యూల్లో, పెళ్లి పందిళ్లలో ఎవరో ఒకరు సొమ్మసిల్లి పడిపోతూనే ఉంటారు. అందరూ ఎండదెబ్బ అనేస్తారు కానీ చాలాసార్లు అది కాదు. కదలకుండా నిలబడితే అర లీటరు పైనే రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపాలి. వేడికి అవి వదులై, చెమటకు ఒంట్లో నీరు తగ్గి, పైగా ఉపవాసం కూడా ఉంటే బీపీ పడిపోతుంది. మెదడుకు కొన్ని క్షణాలు రక్తం చాలదు, అంతే.

పడేముందు ఒళ్లు చెబుతుంది. చల్లటి చెమట, కడుపులో తిప్పడం, ఆవలింతలు, చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకట్లు. వెంటనే కూర్చోండి, నేల మీదైనా సరే. పట్టుచీర మాసిపోతుందనో, లైనులో చోటు పోతుందనో ఓర్చుకున్నవాళ్లకే తల పగిలేది. కూర్చునే సందు లేకపోతే కాలు మీద కాలు మెలేసి తొడలు, పిడికిళ్లు బిగబట్టండి. బీపీ కాస్త లేస్తుంది.

వెళ్లేముందు ఏదైనా తిని, మజ్జిగో నీళ్లో తాగండి. నిలబడ్డంతసేపూ మడమలు ఎత్తి దించుతూ ఉండండి. బీపీ, ప్రోస్టేట్ మాత్రలు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అలాగని సొంతంగా మానేయకండి, డాక్టర్ని అడగండి. షుగర్ మందు వేసుకుని ఉపవాసం ఉండటం మాత్రం వేరే ప్రమాదం. షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది.

ఎవరైనా పడిపోతే మనవాళ్లు చేసే మొదటి పని, లేపి కుర్చీలో కూర్చోబెట్టడం. అదే వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టండి, గుంపును వెనక్కి పంపండి. నిండు గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళాల గుత్తి, ఉల్లిపాయ ఎందుకూ పనికిరావు. తేరుకున్నాక పది నిమిషాలు పడుకోనిచ్చి మెల్లగా లేపండి.

నిమిషం దాటినా తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి. ఒళ్లు కాలిపోతూ మాట తేడాగా ఉంటే అది అసలైన వడదెబ్బ. 108 వచ్చేలోపు తడిపి, విసురుతూ ఉండండి. మెట్లెక్కుతూనో, పడుకుని ఉండగానో పడిపోయినా, ముందు గుండె దడ, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా నీరసమని వదిలేయకండి. ఆరోజే ఈసీజీ తీయించాలి.