తెలుగు పెళ్ళికి రంగులు ఎలా ఎంచుకోవాలి?

పెళ్ళికి రంగులు చూడడం అనగానే చాలామంది ఫోన్ తీసి మండపాల ఫోటోలు వెతుకుతారు. లేత గులాబీ, లావెండర్, మీగడ రంగు కలిపిన అలంకరణలు చూడగానే నచ్చుతాయి. అయితే తెలుగు పెళ్ళిలో పసుపు, కుంకుమ ఎరుపు, మామిడాకుల పచ్చ, మధుపర్కాల తెలుపు మనం పిలవకపోయినా వచ్చి పీటల మీద కూర్చుంటాయి. వాటి పక్కన ఏ రంగులు ఇముడుతాయన్నదే మనం తేల్చుకోవలసిన విషయం.

1. ముందుగా తంతును కాగితం మీద పెట్టండి

గౌరీపూజ మొదలుకొని అప్పగింతల వరకు వధూవరులు ఏ ఘట్టంలో ఏ బట్టల్లో ఉంటారో పురోహితుడినీ ఇంటి పెద్దలనూ అడిగి వరుసగా రాసుకోవాలి. ఇది ఇంటింటికీ మారుతుంది. చాలా ఇళ్ళలో వధువు జీలకర్ర-బెల్లం వరకు పట్టుచీరలో ఉండి, ఆ తరువాత ఎర్రంచు తెల్లచీర, అంటే మధుపర్కం, కట్టుకుని మాంగల్యధారణకు వస్తుంది. కొన్ని ఇళ్ళలో మొదటినుంచీ మధుపర్కాలే. మరికొన్నింట్లో ఆ ఆనవాయితీయే లేదు.

మండపం వెనుక తెర ఏ రంగులో ఉండాలన్నది దీనిపైనే ఆధారపడుతుంది. మా దగ్గరి బంధువుల ఇంట్లో ఒక పెళ్ళికి మీగడ రంగు తెర కట్టి, దాని నిండా తెల్లపూలు గుచ్చారు. పట్టుచీరలో ఉన్నంతసేపూ పెళ్ళికూతురు కళకళలాడుతూ కనిపించింది. మధుపర్కాలు కట్టుకుని వచ్చాక తెల్ల బట్టలు తెల్ల తెరలో కలిసిపోయి, తలంబ్రాల ఫోటోల్లో రెండు ముఖాలు, ఎర్రంచు గీతలు, దోసిళ్ళలోని పసుపు బియ్యం మాత్రమే విడిగా తేలాయి. ఆల్బమ్‌లో అందరూ మొదట వెతికే ఫోటోలే అవి. కాబట్టి మధుపర్కాలు కట్టే ఇంట్లో వెనుక తెరకు అరిటాకు పచ్చ, మిరపపండు ఎరుపు, ముద్దబంతి రంగు వంటి నిండు రంగును ఎంచుకోవడం మేలు. తెల్ల మండపమే కావాలని పిల్లలు పట్టుబడితే దాన్ని రిసెప్షన్‌కు ఉంచుకోవచ్చు.

2. ముహూర్తం వేళనూ వెలుతురునూ చూసుకోండి

పగటి ముహూర్తమై, పందిరి ఆరుబయట ఉంటే ముదురు రంగులు నిండుగా కనిపిస్తాయి, లేత రంగులు ఎండకు వెలిసినట్టుంటాయి. రాత్రి ముహూర్తమైతే హాలులోని దీపాలు పసుపు వెలుగువా, తెల్ల వెలుగువా అని వెళ్ళి చూసి రావాలి. పసుపు వెలుగులో లావెండర్, లేత నీలం బూడిద రంగుకు తిరుగుతాయి. ఎరుపు, నారింజ, బంగారు జరీ మరింత వెలుగుతాయి. ముదురు నీలం రాత్రిపూట నల్లగానే కనిపిస్తుంది కనుక, నలుపు వద్దనే పెద్దలున్న ఇంట్లో ఆ రంగు చీర కొంటే మాట పడవలసి వస్తుంది. మెడలో కట్టే నల్లపూసలకు లేని అభ్యంతరం చీరకెందుకని అడగవచ్చు గానీ, పెళ్ళి పనుల మధ్య ఆ వాదనకు తీరిక ఉండదు.

3. పెళ్ళికూతురి పట్టుచీరను ఆధారంగా తీసుకోండి

పూలను, తెరలను చీరకు తగినట్టు మార్చుకోవచ్చు, చీరను వాటికి తగినట్టు మార్చుకోవడం కష్టం. అందువల్ల అలంకరణ మాట్లాడుకోవడానికి ముందే చీర కొనాలి. ధర్మవరమైనా, కంచి అయినా, గద్వాల అయినా చీర శరీరం (అంచు, కొంగు కాని మధ్యభాగం) రంగు, అంచు రంగు, జరీ రంగు అని మూడు రంగులు చీరలోనే సిద్ధంగా ఉంటాయి. చీర శరీరం రంగును మండపంలో మళ్ళీ వాడకుండా, అంచు రంగును తెరకు, జరీ రంగును దీపాలకు, ఇత్తడి సామానుకు తీసుకుంటే పొందిక దానంతట అదే కుదురుతుంది. చిలకపచ్చ చీరకు రాణీరంగు అంచు ఉందనుకోండి: వెనుక రాణీరంగు తెర, పక్కన ఇత్తడి కుందులు, గుమ్మానికి మామిడి తోరణం ఉంటే చాలు.

డబుల్ షేడ్ చీరల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డదారం) మరొక రంగు వేసి నేయడం వల్ల నెమలికంఠం రంగు చీర ఒక వైపు నుంచి నీలంగా, మరొక వైపు నుంచి పచ్చగా కనిపిస్తుంది. ఇలాంటి చీరను దుకాణం దీపాల కింద మాత్రమే చూసి ఊరుకోక, గుమ్మం దాకా తెచ్చి, మడత విప్పి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడాలి. రవికె గుడ్డకూ ఇదే పరీక్ష పెట్టాలి, ఎందుకంటే ట్యూబ్‌లైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోవడం మామూలే.

మరీ లేత రంగు పట్టుచీరతో ఇంకొక చిక్కుంది. తలంబ్రాల పసుపు బట్టకు అంటుకుంటుంది, సబ్బు తగిలితే ఆ మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు ఎర్రబడేది కూడా ఈ గుణం వల్లనే.

4. ఇంటివాళ్ళందరికీ ఒకే రంగు పెట్టకండి

అక్కచెల్లెళ్ళకు, పిన్నులకు, మేనత్తలకు ఒకే రంగు చీరలు పెడితే గ్రూపు ఫోటో బాగుంటుంది గానీ, మిగిలిన రోజంతా యూనిఫాం వేసుకున్నట్టుంటుంది. గంధం, తేనె, రాగి, ఇటుక వంటి ఒక వన్నెకు చెందిన రంగులు చెప్పి, అందులో ఎవరికి నచ్చినది వారిని ఎంచుకోనివ్వడం మంచిది. పెళ్ళికూతురి చీర రంగు మాత్రం ఇంకెవరూ కట్టకుండా ముందే చెప్పుకోవాలి.

5. పూలను కాలాన్నిబట్టి నిర్ణయించండి

మల్లెలు వేసవివి. చామంతులు చలికాలంలో విరివిగా వస్తాయి. బంతి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్, గోదావరి వైపు కడియపులంక పూల మార్కెట్లకు ఒక వారం ముందు వెళ్ళి చూస్తే ఏ రంగు సులువుగా దొరుకుతుందో తెలిసిపోతుంది.

6. ఫోటోలకు బదులు గుడ్డముక్కలు ఇవ్వండి

ఒక్కొక్క ఫోన్‌లో ఒక్కొక్క రంగు కనిపిస్తుంది. రవికె గుడ్డలోంచి అరచేతి వెడల్పు ముక్కలు మూడు కత్తిరించి, ఒకటి అలంకరణ చేసేవారికి, ఒకటి దర్జీకి ఇచ్చి, మూడవది మీ దగ్గర ఉంచుకోవాలి. తెర కట్టడం పూర్తయ్యాక, ముందురోజు సాయంత్రమే దీపాలన్నీ వేయించి, తెల్లపంచె కట్టుకున్న వారెవరినైనా పీట మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి చూడండి. పంచె తెరలో కలిసిపోతున్నట్టు కనిపిస్తే, గుడ్డ మార్చడానికి ఇంకా ఒక రాత్రి సమయం ఉంటుంది.